తులసి పిలిచిందట

జనవరి 27, సోమవారం

తులసితో మాటల్లేక ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ముప్పై ఏళ్ళలో ఇన్నాళ్ళు ఎప్పుడూ లేదు. రాజమండ్రిలో బి.ఎడ్. చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం. తరవాత నా ఉద్యోగం ఒక ఊళ్ళో, దాని ఉద్యోగం ఇంకో ఊళ్ళో. అయినా ప్రతి రెండో శనివారం బైనాక్యులర్లు మెళ్ళో వేసుకుని నల్లకోడు చెరువు గట్టు మీద కలుస్తూనే ఉన్నాం.

ఎవరితోనైనా చెప్పుకుంటే ఆ మాట తిరిగి తిరిగి దాని దగ్గరికే చేరుతుంది. అందుకని బీరువాలో ఖాళీగా పడున్న ఈ డైరీ తీశాను.

తప్పు నాదేం లేదు. చెరువుని ఆనుకుని ఉన్న తమ నాలుగెకరాలూ రొయ్యల సాగుకి లీజుకిచ్చేశారు దాని భర్త సూర్యప్రకాష్ గారు. ఉప్పునీళ్ళు చెరువులోకి ఊరితే చలికాలం బాతులు ఇటు మొహం చూపిస్తాయా? ఆ మాటే అన్నాను. ఆ తరవాత ఇంకో మాట కూడా అన్నాను. "మీ వాళ్ళకి భూమి ఉంటే చాలు. పక్కన ఏది చచ్చినా పట్టదు" అన్నాను.

తులసి మొహం పాలిపోయింది. "మీ వాళ్ళంటే?" అని అడిగింది.

మా తాత తులసి మావగారి ఇంట్లో పాలేరుగా చేశాడని మా ఇద్దరికీ తెలుసు. ముప్పై ఏళ్ళలో ఆ సంగతి మా మధ్యకి ఒక్కసారి కూడా రాలేదు. నేనే తెచ్చాను.

కానీ రొయ్యల సంగతి నిజమే కదా.

జనవరి 30, గురువారం

ఎనిమిదో తరగతి పిల్లలు మరీ గొణుగుతున్నారు. నోరు తెరిచి చెప్పండర్రా అంటే నవ్వుతారు. మా రోజుల్లో టీచరు ముందు ఇలా గొణిగితే ఊరుకునేవారా?

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక టీవీ పెట్టుకుని కూర్చున్నాను. ఈయన పెరట్లోంచి వచ్చి దాని గొంతు తగ్గించేశారు. "ఆ చివర కొట్టు దాకా వినపడుతోంది రాహేలూ" అన్నారు. ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని కూర్చుని ఈయన చెవులు మరీ సున్నితమైపోయాయి.

మా అమ్మాయి బ్లెస్సీ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. దాని గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. అక్కడ సిగ్నల్ ఎప్పుడూ అంతే. మెసేజ్ పెట్టమ్మా అని ఫోన్ పెట్టేశాను.

అన్నం తింటుండగా ఈయన, "కాకినాడలో మంచి చెవి డాక్టరున్నాడంట. ఓసారి చూపిద్దామా?" అన్నారు.

ఎవరికని నేను అడగలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

ముత్యాలరాజు గారు స్కూలుకి వచ్చారు. కాలవ లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. చదువుకున్నది పదో తరగతే కానీ నల్లకోడు మీద ఎగిరే ప్రతి పిట్టా ఆయనకి చుట్టమే. మా అందరినీ పోగు చేసిందీ, ఏటా చలికాలం పిట్టల లెక్క మొదలుపెట్టిందీ ఆయనే.

"ఈ శనివారం లెక్కండి టీచరు గారూ. తులసమ్మ గారు కూడా వస్తానన్నారండి" అన్నారు.

"నాకు పరీక్ష పేపర్లున్నాయండి."

"మీ చెవులు లేకపోతే మాది లెక్కే కాదండి. జమ్ముగడ్డిలో దాక్కున్న పిట్టని మాలో ఇంకెవరు పడతారండీ? తప్పదండి."

ఆయన అలా అనేసరికి వస్తానన్నాను. నిజమే. నల్లకోడు దగ్గర నేను కళ్ళతో చూసినవాటికంటే చెవులతో పట్టినవే ఎక్కువ. జమ్ములో ఉండే పిట్ట బయటికి రాదు. గొంతు వినే దాని పేరు చెప్పాలి. మా గుంపులో అందరికంటే చిన్నది హారిక అయితే "రాహేలు ఆంటీ చెవులు దేవుడు ప్రత్యేకంగా చేసేడండి" అంటుంది.

ముత్యాలరాజు గారు ఈమధ్య మాట్లాడేటప్పుడు సరిగ్గా నా ఎదురుగా వచ్చి నిలబడుతున్నారు. కొత్త అలవాటు. వయసు మీద పడుతోంది పాపం.

ఫిబ్రవరి 8, శనివారం. సాయంత్రం

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా వరసగా రాస్తాను.

పొద్దున్న ఆరింటికి ఉప్పలగుప్తం దాటి చెరువు దగ్గర నలుగురం కలిశాం. ముత్యాలరాజు గారు, నేను, తులసి, డిగ్రీ చదువుతున్న హారిక. పొగమంచు నీళ్ళ మీంచి ఇంకా లేవలేదు. అందులోంచి ముందు బాతుల మెడలు కనిపించాయి, తరవాత ఒళ్ళు. తామరాకుల మీద తామరకోడి కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ నడుస్తోంది. తులసి ఆకుపచ్చ శాలువా కప్పుకుని వచ్చింది. నా పక్కనున్న కొబ్బరిచెట్టుని ఎలా చూసిందో నన్నూ అలాగే చూసింది.

అయితే మినపరొట్టె తెచ్చింది. అరిటాకు ముక్కల్లో చుట్టి నాలుగు పొట్లాలు. మూడు కాదు, నాలుగు. నాది గట్టు మీద పెట్టి అటు తిరిగిపోయింది. విప్పి చూస్తే గిన్నె అడుగున మాడిన ముక్క. నాకు అదే ఇష్టం.

కాసేపటికి హారిక నా చెయ్యి పట్టుకుని జమ్ము వైపు చూపించింది. "ఆంటీ, అదేం పిట్టండీ?"

ముత్యాలరాజు గారు కూడా అటే తల తిప్పి ఉన్నారు. తులసి కూడా. అంత కదలకుండా నిలబడ్డారంటే అక్కడ కూస్తున్నది చిన్నదే అయ్యుండాలి. ఆ జమ్ములో ఈ రోజుల్లో ఉండేది ఒకటే.

"జమ్ముపిట్ట" అన్నాను.

"ఎన్నండీ?"

"రెండు."

ముత్యాలరాజు గారు ఒక్క క్షణం నా వైపు చూసి, కాగితం మీద రాసుకున్నారు. తులసి ఎవరితోనో అన్నట్టు, "దీని చెవి దీనిదే" అంది. మూడు వారాల తరవాత నా గురించి దాని నోట్లోంచి వచ్చిన మొదటి మంచిమాట. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

చెరువు చుట్టూ గట్టు పొడవే. ముత్యాలరాజు గారూ హారికా తూర్పు గట్టు తీసుకున్నారు. నన్నూ తులసినీ పడమటి గట్టు మీద వెళ్ళమన్నారు. కావాలనే చేశారాయన. నేను ముందు, తులసి వెనక. ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా. నేనే విప్పుదామనుకున్నాను. రేవు దగ్గరికి వెళ్ళాక మొదలెడదామనుకున్నాను. అంతలో నీళ్ళ మీద పెద్ద గుంపు కనిపించింది. సూదితోక బాతులు. నిలబడి రెండు సార్లు లెక్కపెట్టాను. నూట నలభై. ఆ సంఖ్య దానికి చెప్పడానికే వెనక్కి తిరిగాను.

తులసి లేదు.

గట్టు ఖాళీగా ఉంది. మంచు కూడా ఇంకా పూర్తిగా విడలేదు. కోపమొచ్చి వెనక్కి వెళ్ళిపోయిందనుకున్నాను. నాకూ కోపమొచ్చింది. పోతే పో అనుకున్నాను. అవును, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. గట్టు చివరికి నడిచి వెళ్ళి, ఆ ఇద్దరూ వచ్చేదాకా కూర్చుని, "ఆవిడ వెనక్కి వెళ్ళిపోయింది" అని చెప్పాను.

అంతలో చేపలకి వచ్చినాయన ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మగారొకరు గండిలో పడిపోయేరండి! కాలు ఇరుక్కుపోయిందండి. పిలుస్తూనే ఉన్నారండి, అటొడ్డున వల సర్దుకుంటుంటే నాకినబడిందండి." నన్ను చూసి ఆగాడు. "ఈ అమ్మగారు అక్కడే నిలబడున్నారండి మరి."

లీజుకి తీసుకున్నవాళ్ళు పైపు వెయ్యడానికి గట్టు తవ్వి సరిగ్గా పూడ్చలేదు. పైన గడ్డి పడి ఉంది. నేను దాని అంచు మీంచే దాటి ముందుకి పోయానట.

తులసి నడుం దాకా బురదలో ఉంది. శాలువా బురదలో కలిసిపోయింది. ఎడమకాలు పైపుకీ గట్టుకీ మధ్య. ముత్యాలరాజు గారూ ఆ చేపలాయనా దిగి పైకి తీశారు. నేను దాని తల నా ఒళ్ళో పెట్టుకోబోయాను. పెట్టనివ్వలేదు.

"పద్నాలుగు సార్లు పిలిచేను రాహేలూ" అంది. "లెక్కెట్టేను. నువ్వలా నిలబడి బాతుల్ని చూస్తున్నావు."

"వినపడలేదే తులసీ."

"నీకా?"

ఆ ఒక్క మాట అని కళ్ళు మూసుకుంది. సూర్యప్రకాష్ గారు కారు తెచ్చారు. అమలాపురంలో ఎక్స్‌రే తీశారు. చీలమండ దగ్గర రెండు చోట్ల విరిగింది. ఆరు వారాల కట్టు.

గాలి ఎదురుగా వీచింది. అందుకే వినపడలేదు. ఎదురుగాలిలో ఎవరికైనా అంతే.

ఫిబ్రవరి 9, ఆదివారం

ముత్యాలరాజు గారు లెక్క కాగితాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. పైన వాతావరణం గడి ఉంటుంది. అందులో ఆయన గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: మంచు. గాలి లేదు.

చర్చిలో మా వీధి జెస్సీ నా పక్కన చేరింది. "అక్కా, కొత్తపేట తులసి గారు పడిపోతే మీరు చూసి కూడా వెళ్ళిపోయేరంట కదా. మా వాళ్ళంతా అంటున్నారు. నేను నమ్మలేదు" అంది.

"కోపంలో ఉన్నానమ్మా" అన్నాను. "మనిషిని కదా."

జెస్సీ కొంచెం వెనక్కి జరిగింది. కానీ నాకు ఎంత తేలికైందో. కోపం ఎవరికైనా వస్తుంది, ఎప్పుడో పోతుంది. దాన్ని పట్టుకుని రేపు క్లాసులో ఎవరూ నవ్వరు. పిట్టల లెక్కకి నన్ను రావద్దనరు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈయన అడిగారు. "జెస్సీతో అలా అన్నావంట. నువ్వు అలాంటి మనిషివి కాదు రాహేలూ."

"అలాంటిదాన్నే" అన్నాను.

తులసికి రెండు మెసేజ్‌లు పెట్టాను. చూసింది. జవాబు లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

స్కూలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాను. ఇంటి పని ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ రోజు హారిక రికార్డు చేసిన జమ్ముపిట్ట గొంతు గ్రూపులో ఉంది. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, ఫోన్ అరుగు మీద పెట్టి నొక్కాను.

ఏమీ రాలేదు.

ఫోను చెడిపోయిందనుకున్నాను. కానీ తెరమీద గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. గొంతు పూర్తిగా పెంచాను. గీతలు ఇంకా ఎత్తుగా లేచాయి. ఫోన్ చెవికి ఆనించుకున్నాను. చల్లగా తగిలింది. అంతే.

హాల్లోంచి ఈయన వచ్చి తలుపు తోశారు. పెదాలు కదిలాయి. "ఏంటన్నారు?" అన్నాను. దగ్గరికొచ్చి మళ్ళీ అన్నారు. "ఆ పిట్ట ఏంటి, ఇల్లంతా అంత గోల పెడుతోంది?"

ఈయన వెళ్ళాక కోయిల గొంతు పెట్టుకుని చూశాను. వినపడింది. కాకి వినపడింది. బొల్లికోడి వినపడింది. మళ్ళీ జమ్ముపిట్ట పెట్టాను. మళ్ళీ పెట్టాను. గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి.

సన్నవి పోయాయి. ఎప్పుడు పోయాయో తెలీదు. ఎవరూ వచ్చి చెప్పి పోలేదు. పిల్లలు గొణగడం లేదు. బ్లెస్సీ హాస్టల్లో సిగ్నల్ బానే ఉండి ఉంటుంది. తులసి గొంతు సన్నం. పిలిచేటప్పుడు ఇంకా సన్నమవుతుంది. రాజమండ్రి హాస్టల్లో దాన్ని ఈలపిట్ట అనేవాళ్ళం.

ఇది రాస్తే నిజమైపోతుందని ఇన్నాళ్ళూ రాయలేదు. రెండేళ్ళ నుంచీ నాకు తెలుసు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇవాళ రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

సాయంత్రం స్కూలు వదిలేవేళకి ముత్యాలరాజు గారు వచ్చారు. లెక్క కాగితం పైకి పంపాలి, నలుగురం సంతకాలు పెట్టాలి. తులసి సంతకం అప్పటికే ఉంది. మంచం మీద పడుకుని పెట్టిందేమో, వంకరగా ఉంది.

కలం తీసుకున్నాను. జమ్ముపిట్ట, రెండు, వినికిడి అని రాసి ఉంది, పక్కన నా పేరు. ఆ కాగితం ఎక్కడెక్కడికో వెళ్తుంది. నా పేరు చూసి ఎవరో నమ్ముతారు.

"ఇది కొట్టెయ్యండి. నేను వినలేదు" అన్నాను.

ఆయన నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజు మీరు పిట్ట కేసి చూడలేదండి. మా మొహాల కేసి చూసేరండి. అనుమానం ముందునుంచే ఉందండి, అప్పుడు తేలిపోయిందండి."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు వచ్చేసారి నుంచి మానేస్తారండి." కుడిచెవి మీద చెయ్యి వేసుకున్నారు. "లాకుల దగ్గర ఆ నీళ్ళ హోరులో ముప్పై ఏళ్ళండి. నా కుడిచెవి ఎప్పుడో పోయిందండి. ఆయ్. హారికమ్మ నాకు ఎడంపక్కనే నడుస్తుంది, చూసేరా? ఆ పిల్లకి మొదటి నెల్లోనే చెప్పేసేను. సిగ్గెందుకండీ, ముసలి చెవే కదా. మీకు నాకంటే చిన్న వయసులో వచ్చింది. అదొక్కటే బాధ."

ఆయన కాగితం నా వైపు జరిపారు.

"నేనూ హారికా విన్నామండి. ఒక్కటే కూసింది. మీ పేరు తీసేసి, రెండుని ఒకటి చేస్తే సరిపోతుందండి. పిట్ట ఉన్నమాట నిజమే కదా."

నేనే కొట్టేశాను. నేనే దిద్దాను. సంతకం పెట్టాను.

లేచేటప్పుడు అన్నారు: "కాగితం మీద దిద్దడం తేలికేనండి. ఆవిడ అక్కడ మంచం మీద ఇంకోటి అనుకుంటా పడుకున్నారు."

ఫిబ్రవరి 19, బుధవారం

ఎనిమిదో తరగతిలో చెప్పేశాను. "నాకు సన్నటి గొంతులు వినపడవు. లేచి నిలబడి, నన్ను చూస్తూ మాట్లాడండి." ఎవరూ నవ్వలేదు. ఒక పిల్ల లేచి నిలబడి, ఎంత గట్టిగా అరిచిందంటే పక్క క్లాసు మాస్టారు తొంగి చూశారు. అప్పుడు అందరం నవ్వాం.

ఇది తేలికైనది. తేలికైనవి ముందు చేస్తున్నానని నాకు తెలుసు.

ఫిబ్రవరి 22, శనివారం

తులసి ఇంటికి వెళ్ళాను.

సూర్యప్రకాష్ గారు వీధి వరండాలోనే ఎదురయ్యారు. "రండి, కూర్చోండి" అన్నారు. ఆయన మర్యాద ఎప్పుడూ తప్పరు. మంచినీళ్ళు తెచ్చిచ్చారు. "పడుకుందండి. కదపలేమండి" అన్నారు, వెళ్ళిపొమ్మని చెప్పలేక. నేను గ్లాసు కింద పెట్టి నేరుగా లోపలికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నేను వరండాలో ఎప్పుడూ కూర్చోలేదు.

గోడవారగా మంచం. రెండు దిళ్ళ మీద కట్టు కట్టిన కాలు. నన్ను చూసి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. మంచం పక్కన నిలబడే మాట్లాడాను.

"ముందు ఒకటి చెప్తాను. ఆ రోజు 'మీ వాళ్ళు' అన్నాను. అది నా నోటి తప్పు. దానికి వేరే సాకు లేదు."

పుస్తకం కిందికి దిగింది. "లీజు గురించి నేను ఇంట్లో ఎంత మొత్తుకున్నానో నీకు తెలుసా? నీతో చెప్పుకుందామనే వచ్చేను ఆ రోజు. నన్ను మాట్లాడనిచ్చేవా? నన్ను కూడా తీసుకెళ్ళి వాళ్ళల్లో కలిపేసేవు."

"కలిపేశాను."

"లీజు మాత్రం ఆగలేదు. ఆయన సంతకం పెట్టేసేరు. ఇప్పుడు నువ్వు మళ్ళీ దాని మీద మొదలెట్టకు."

"దాని మీద తరవాత దెబ్బలాడతాను" అన్నాను. "ఇవాళ వచ్చింది చెరువు గట్టు సంగతి చెప్పడానికి. నువ్వు పిలిచింది నాకు నిజంగా వినపడలేదు తులసీ. నా చెవులు పోయేయి. సన్నటి గొంతులేవీ వినపడటం లేదు. రెండేళ్ళయింది."

దాని మొహం గట్టిపడిపోయింది.

"అబద్ధం చెప్పడానిక్కూడా నీకు మంచిది దొరకలేదా? అదే రోజు పొద్దున్న జమ్ముపిట్టని పట్టేవు. నా పక్కనే నిలబడి పట్టేవు."

"పట్టలేదు. మీ మొహాలు చూసి ఊహించేను. ముత్యాలరాజు గారిని అడుగు. ఆ కాగితం మీద నా పేరు కొట్టేసేను."

"జెస్సీతో కోపంలో ఉన్నానన్నావంట."

"అన్నాను. చెవిటిదాన్నని చెప్పడం కంటే అదే నయం అనిపించింది. నిన్ను బురదలో వదిలేసిన మనిషినని అనిపించుకోవడమే నయం అనిపించింది."

ఈ మాట పైకి అన్నాక, అదెంత నీచమైన మాటో నా చెవులకే వినపడింది.

తులసి నెమ్మదిగా కాలు కదలకుండా నడుం పైభాగం మాత్రం తిప్పి, గోడ వైపు తిరిగింది. నాకు దాని జడ, మెడ కనిపిస్తున్నాయి. కొంచెంసేపటికి మళ్ళీ ఇటు తిరిగి, "ఏమన్నాను?" అని అడిగింది.

"తెలీదు."

మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఈసారి నేను ఊపిరి బిగబట్టి విన్నాను. దాని గొంతు నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. వినపడకపోయినా గుర్తుపట్టేస్తానేమోనని ఆశ. గదిలో ఏ చప్పుడూ లేదు. ఫ్యాన్ కూడా తిరగడం లేదు.

"ఇప్పుడు?"

"తెలీదే."

దాని కళ్ళు నా మొహమంతా వెతికాయి. నేను దాచుకోలేదు. ఆ చూపులోంచి కోపం దిగిపోవడం చూశాను. కోపం పోయిన చోటికి వచ్చినదాన్ని చూడలేక తల దించుకున్నాను.

మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఈసారి తొందరగా ఇటు తిరగలేదు. మాట్లాడుతోందని భుజాల్ని బట్టి తెలుస్తోంది. చాలా మాట్లాడింది. మధ్యలో ఒకసారి ఆగి, పైట చెంగు మొహానికి అద్దుకుని, మళ్ళీ మొదలెట్టింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అర్థం కాకపోయినా, అంతా అయ్యేదాకా నిలబడటం నా వంతు అనిపించింది.

ఇటు తిరిగేసరికి దాని మొహమంతా తడి.

"ఏమన్నావే?" అని అడిగాను.

"తిట్టేను."

"అంతసేపా?"

"ముప్పై ఏళ్ళవి" అంది.

కట్టు కాలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, పళ్ళు బిగించి, గోడ వైపుకి కాస్త జరిగింది. నేను కూర్చోడానికి చోటు చేసింది.